పొగగొట్టమునకు అస్తరు



దర్జీ కోటు కుట్టునపుడు పైగుడ్డకు లోపలివైపున మరియొక గుడ్డ వేసి కుట్టును. దానిని మనము అస్తరు అందుము. అది పైకి కనబడదు. అయినను కోటు ఎన్ని యేండ్లు నిలుచునో చాలవరకు నిర్ణయించునది ఆ కనబడని గుడ్డయే. ఇత్తడి గిన్నెకు పెట్టించు కళాయి గూడ ఒక అస్తరే. కళాయి లేని గిన్నెలో చింతపండు పులుసు కాచినచో పులుసులోని ఆమ్లము లోహమును కరగించును. పులుసు కిలుమెక్కును, తిన్నవారికి కడుపులో త్రిప్పును. అందుచేత కళాయివాడు గిన్నెను కాచి, నవాసారము చల్లి, తగరమును కరగించి, లోపలివైపున పలుచగా పూయును. పులుసునకును ఇత్తడికిని నడుమ తగరము కాపలా యుండును.

కర్మాగారములలోని పెద్ద తొట్లకును, గొట్టములకును, పొగగొట్టములకును గూడ ఇట్టి అస్తరులు కలవు. అయితే గిన్నెకు పూసిన కళాయి చేయవలసిన పని ఒక్కటియే. అది ఆమ్లమును ఆపవలెను. కర్మాగారములోని అస్తరు పెక్కుచోట్ల రెండు పనులు చేయవలసియుండును. ఆమ్లమును ఆపుట ఒకటి. వేడిని ఆపుట రెండవది. ఈ రెండును ఒకదానితో నొకటి ఎట్లు ముడివడియున్నవో, ఒకదానిని మరచి రెండవదానిని మాత్రమే చూచుకొన్నచో ఎట్టి కీడు మూడునో ఈ పాఠమున తెలిసికొందము.

ఇందులకు ఉదాహరణముగా బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రపు పొగగొట్టమును తీసికొందము. మనలో పలువురు దానిని దూరమునుండి చూచియే యుందురు. రాయచూరు చేరువనున్న శక్తినగరమునందును, మహారాష్ట్రములోని చంద్రపురమునందును, తమిళనాట నైవేలియందును, ఒడిశాలో తాల్చేరు దగ్గరి కణిహాయందును అట్టి పొగగొట్టములు కలవు. మన దేశమున 500 మెగావాట్ల యూనిట్లకు సాధారణముగా 275 మీటర్ల పొగగొట్టములు కట్టిరి. ఢిల్లీలోని కుతుబ్ మీనారు ఎత్తు సుమారు 73 మీటర్లు. అనగా దాదాపు నాలుగు కుతుబ్ మీనారులను ఒకదానిపై నొకటి నిలిపినంత ఎత్తు!

1. పొగలో ఆమ్లమెట్లు పుట్టును?

నేలబొగ్గులో గంధకము కొంత యుండును. మన దేశపు బొగ్గులో బూడిద హెచ్చు, గంధకము తక్కువ. పెక్కు గనుల బొగ్గులో గంధకము నూటికి ఒక పాలు గూడ నుండదు. అయినను ఒక పెద్ద యూనిటు దినమునకు వేలకొలది టన్నుల బొగ్గును కాల్చును గనుక ఆ కొద్దిపాటి గంధకమే పెద్ద రాశి యగును.

బొగ్గు మండునపుడు గంధకము ఆమ్లజనితో కలిసి సల్ఫర్ డయాక్సైడు అను ఘాటైన వాయువగును. అందులో నూటికి ఒకటి రెండు పాళ్ళు మరికొంత ఆమ్లజనిని గ్రహించి సల్ఫర్ ట్రయాక్సైడు అగును. పొగలో నీటియావిరి ఎట్లును ఉండును. ట్రయాక్సైడు ఆ యావిరితో కలిసినంతనే గంధకామ్లపు ఆవిరి పుట్టును. గంధకామ్లమనగా ప్రయోగశాలలో మన ఉపాధ్యాయులు మనలను దూరముగా నుండుమని చెప్పి చూపు సల్ఫ్యూరిక్ ఆమ్లమే.

ఆవిరి రూపమున నున్నంతసేపు ఈ ఆమ్లము ఉక్కునకు పెద్దగా హాని చేయదు. అది ద్రవమై గోడపై నిలిచినప్పుడే చిక్కు. ఇచ్చట ఒక వింత కలదు. మిక్కిలి గాఢమైన గంధకామ్లమును ఉక్కు తొట్లలోనే నిలువచేయుదురు. గాఢామ్లము తాకగానే ఉక్కుపై ఐరన్ సల్ఫేటు పొర ఏర్పడి లోపలి లోహమును కాచును. ఆమ్లములో నీరు కలిసినకొలది ఆ పొర నిలువదు. ఉక్కు వేగముగా కరగును. కావున ఆమ్లము చిక్కనైనకొలది లోహమునకు అపాయము హెచ్చునని ఎల్లప్పుడు తలంపరాదు.

2. తుషారాంకము

చల్లని నీరు పోసిన చెంబును ఉక్కపోతగా నున్న దినమున బల్లపై నుంచుడు. కొంతసేపటికి చెంబు వెలుపల నీటిబొట్లు నిలుచును. చెంబు కారలేదు; గాలిలోని నీటియావిరియే చల్లని లోహమును తాకి నీరైనది. ఆవిరి ఏ ఉష్ణోగ్రతవద్ద ద్రవముగా మారుట మొదలిడునో దానికి తుషారాంకమని పేరు.

పొగలోని గంధకామ్లపు ఆవిరికి గూడ తుషారాంకము కలదు. కాని అది నీటియావిరి తుషారాంకమువలె తక్కువ కాదు. పొగలో ట్రయాక్సైడు, నీటియావిరి ఎంతెంత యుండునో దానినిబట్టి అది సాధారణముగా 100 నుండి 150 సెంటిగ్రేడు డిగ్రీల నడుమ నుండును. బాయిలరునుండి వెలువడిన పొగ వేడిమి సుమారు 120 నుండి 150 డిగ్రీలు. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన వ్రాసి చూడుడు. పొగ తుషారాంకమునకు కొద్దిగా మాత్రమే పైన నున్నది. గోడ ఏ కొంచెము చల్లబడినను ఆమ్లము బొట్లుబొట్లుగా దానిపై నిలుచును.

కాబట్టి పొగగొట్టమును కాచుటకు మొదటి ఉపాయము తేటపడుచున్నది. గోడను వేడిగా నుంచవలెను. ఉక్కు గొట్టమునకు వెలుపల ఖనిజపు ఉన్ని చుట్టినచో లోపలి వేడి బయటికి పోదు. ఉక్కు దాదాపు పొగయంత వేడిగా నుండును. వేడి గోడపై ఆమ్లము నిలువదు. పొడిగా, వేడిగా నున్న పొగకు ఈ ఉపాయము చాలకాలము చక్కగా పనికివచ్చినది.

3. ఇటుక అస్తరు

పెద్ద పొగగొట్టములో నిజమునకు రెండు గొట్టములుండును. వెలుపలిది కాంక్రీటుది. గాలివాన తాకిడిని ఓర్చుకొని నిలుచుట దాని పని. లోపలిది పొగ పోవు దారి. అది ఉక్కుతోగాని ఇటుకతోగాని కట్టబడును. ఒక్కొక్కచోట ఒకే కాంక్రీటు గోడలో రెండు మూడు లోపలి గొట్టములును ఉండును.

లోపలి గొట్టమును ఇటుకతో కట్టునపుడు ఇంటికి వాడు ఇటుకను, సిమెంటును వాడరాదు. సిమెంటులోని సున్నపు పదార్థములు గంధకామ్లముతో కలిసి జిప్సమగును. అది ఉబ్బి గారను పగులగొట్టును. అందుచేత ఎక్కువ వేడిమిలో కాల్చిన ఆమ్లనిరోధకపు ఇటుకలను తెచ్చి, పొటాషియం సిలికేటుతో చేసిన గారతో పేర్చుదురు.

ఇటుక ఆమ్లమునకు కరగదు, వేడికి చెడదు. అయినను దానికి ఒక లోపము కలదు. ఇటుకలోను, గారలోను సన్నని రంధ్రములుండును. ఏండ్లు గడచినకొలది గారలో వెండ్రుకవంటి పగుళ్ళు పుట్టును. వాటిగుండ పొగ మెల్లగా వెలుపలికి దూరి, చల్లగా నున్న కాంక్రీటు గోడను తాకి, అచ్చట ఆమ్లమై నిలుచును. దీనికి విరుగుడుగా కొన్నిచోట్ల రెండు గోడల నడుమనున్న సందులోనికి పంకాలతో గాలిని ఎక్కించి, అచ్చటి ఒత్తిడిని పొగ ఒత్తిడికంటె కొంచెము హెచ్చుగా నుంచుదురు. అట్లు చేసినచో పగులుగుండ గాలి లోనికి పోవునేగాని పొగ బయటికి రాదు.

ఆమ్లపు తొట్లు కట్టువారు ఈ లోపమును మొదటనే యెరిగి పనిని ఇద్దరికి పంచిరి. ఉక్కు తొట్టి లోపల మొదట రబ్బరు పొరగాని సీసపు రేకుగాని వేయుదురు. దానిపై ఇటుకలు పేర్చుదురు. ఆమ్లము ఇటుకలోనికి ఇంకినను రబ్బరు పొర దానిని ఆపును. రబ్బరు వేడికి ఓర్వదు గనుక ఇటుక నడుమ నిలిచి వేడిని తగ్గించును. ఒకరు ఆమ్లమునకు అడ్డు, ఒకరు వేడికి అడ్డు. ఇద్దరిలో ఏ యొకరు లేకున్నను రెండవవారు నిలువరు.

4. మేలు చేయబోయి కీడు తెచ్చు అస్తరు

ఇప్పుడు ఈ పాఠములోని ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాము.

ఒక ఉక్కు గొట్టమున్నది. దానిలోపల వేడినాపు అస్తరు వేసినచో ఉక్కునకు వేడి తగులదు గదా, అది మరింత క్షేమముగా నుండును గదా అని తోచును. ఆలోచింపుడు. వేడి ఉక్కును చేరకపోయినచో ఉక్కు చల్లబడును. పొగ 130 డిగ్రీలుండగా ఉక్కు 50 లేక 60 డిగ్రీలకు దిగవచ్చును. అనగా ఆమ్లపు తుషారాంకమునకు చాల క్రిందికి దిగినదన్నమాట. ఇట్లుండగా అస్తరులో ఒక చిన్న పగులున్నను దానిగుండ దూరిన పొగ చల్లని ఉక్కును తాకి వెంటనే ఆమ్లమగును. అస్తరు లేకుండ వేడిగా నున్నపుడు పట్టని తుప్పు, అస్తరు వేసిన పిమ్మట పట్టుచున్నది! పైగా అది అస్తరు వెనుక జరుగును గనుక ఎవరి కంటను పడదు. పైపొర బాగుగనే యుండును. లోపల ఉక్కు పలుచబడుచుండును.

కనుక సూత్రమిది: వేడిని ఆపు అస్తరు వాయువును గూడ ఆపవలెను. వేడిని ఆపి వాయువును విడిచిపెట్టు అస్తరు కాపలాదారు కాదు, దొంగకు తలుపు తెరచువాడు.

5. కడిగిన పొగ

ఇంతవరకు వేడిపొగను గూర్చి చెప్పుకొంటిమి. ప్రజల ఊపిరితిత్తులను కాపాడుటకై పొగను నీటితోను, సున్నపురాతి పాలతోను కడిగి సల్ఫర్ డయాక్సైడును తీసివేయు పద్ధతి కలదు. లండను నగరములోని బాటర్సీ విద్యుత్కేంద్రము 1933లో పని మొదలిడినపుడే థేమ్సు నది నీటితో పొగను కడుగుచుండెను. ఆ కేంద్రము 1983లో మూతబడినది. దాని నాలుగు కాంక్రీటు పొగగొట్టములలోని ఇనుప కమ్ములు తుప్పుపట్టినందున, ఇటీవల వానిని విప్పి అదే ఆకారమున తిరిగి కట్టిరి.

మన దేశమున 2015 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము విద్యుత్కేంద్రముల పొగలోని సల్ఫర్ డయాక్సైడునకు హద్దులు విధించెను. కొన్ని కేంద్రములు పొగను కడుగు యంత్రములను నెలకొల్పినవి. 2025 జూలైలో ప్రభుత్వము చాల కేంద్రములకు ఆ నియమమునుండి మినహాయింపు నిచ్చెను.

కడిగిన పొగ మనకు మేలైనది. పొగగొట్టమునకు మాత్రము కష్టమైనది. ఏలయనగా కడిగిన పిమ్మట పొగ వేడిమి సుమారు 50 డిగ్రీలకు పడిపోవును. అది నీటియావిరితో నిండియుండును. గోడల వెంబడి నీరు కారును. కడుగుటకు చిక్కని కొద్దిపాటి గంధకామ్లము, బొగ్గునుండి వచ్చిన క్లోరైడులు ఆ నీటిలో కలియును. ఇది సజలామ్లము, ఉక్కును ఆత్రముగా తినునది. గోడను వేడిగా నుంచుట అను పాత ఉపాయము ఇచ్చట పనికిరాదు. పొగయే చల్లనిదైనపుడు గోడ ఎట్లు వేడెక్కును? ఇటుక గోడలు గూడ తడికి నానుచు కొద్దికొద్దిగా పెరుగును. ఒకవైపు ఎక్కువగా, ఒకవైపు తక్కువగా పెరిగినచో గోడ ఒరుగును.

మరియొక చిక్కును కలదు. కడుగు యంత్రమును బాగుచేయుటకు ఆపినచో వేడిపొగను నేరుగా పొగగొట్టములోనికి పంపవలసిరావచ్చును. అప్పుడు నిన్నటిదాక 50 డిగ్రీలలో తడిసియున్న గోడ నేడు 130 డిగ్రీల పొగను ఎదుర్కొనవలెను. అస్తరు ఈ రెండు అవస్థలకును తట్టుకొనవలెను.

6. నురుగు గాజు

ఇట్టిచోట్ల వాడు అస్తరులలో చూడదగినది నురుగు గాజు. ప్రయోగశాలలోని గాజు పాత్రలు ఆమ్లములకు చెడకుండుట మనము ఎరుగుదుము. అవి బోరోసిలికేట్ గాజుతో చేసినవి. జర్మనీ దేశమున ఓటో షాట్ అను శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దపు చివరి భాగమున ఇట్టి గాజును రూపొందించెను. దీనికి ఆమ్లమన్న భయము లేదు. వేడికి వ్యాకోచించుట గూడ తక్కువ.

గాజుపొడిలో కొద్దిగా బొగ్గువంటి పదార్థము కలిపి మూసలో కాల్చినచో, గాజు మెత్తబడు వేళకు లోపల వాయువు పుట్టి, ఇడ్లీ పిండి పొంగినట్లు అది పొంగును. దానిని మెల్లగా చల్లార్చినచో లోపల అసంఖ్యాకమైన బుడగలుగల దిమ్మ తయారగును. అది నీటిలో తేలునంత తేలిక. రంపముతో సులభముగా కోయవచ్చును.

ఇడ్లీకిని దీనికిని గల భేదమును గమనింపుడు. ఇడ్లీని సాంబారులో వేసినచో పీల్చుకొనును. దానిలోని గదులకు ఒకదానినుండి మరియొకదానికి దారి యున్నది. నురుగు గాజులోని ప్రతి గదికిని నాలుగువైపుల గాజు గోడలే. దారి లేదు. దిమ్మను కోసినచో పైనున్న గదులు మాత్రమే తెరచుకొనును; వాని వెనుకనున్నవి మూసియే యుండును. కావున నీరుగాని, పొగగాని దానిలోనికి దూరలేదు. వేడికి సంబంధించి చూచినచో, ఒక మీటరు మందమునకు ఒక డిగ్రీ భేదమున్నపుడు చదరపు మీటరు గుండ పోవు వేడి ఉక్కులో సుమారు 50 వాట్లు, ఇటుకలో సుమారు 1 వాటు, నురుగు గాజులో 0.1 వాటు కంటె తక్కువ. వేడిని, వాయువును రెండింటిని ఆపవలెనను మన సూత్రము ఈ ఒక్క పదార్థమునందే నెరవేరుచున్నది.

ఇక పెట్టు విధానము. మొదట ఉక్కును గరుకు రవ్వలతో కొట్టి తుప్పంతయు పోగొట్టుదురు. పిమ్మట తొలిపూత పూయుదురు. రబ్బరువలె సాగు జిగురును దిమ్మ వెనుకను, ప్రక్కలను పట్టించి, నాలుగైదు సెంటీమీటర్ల మందముగల దిమ్మలను ఒక్కొక్కటిగా చేతితో నొక్కి అంటింతురు. కీలులన్నియు జిగురుతో నిండవలెను.

జిగురు సాగునదై యుండుటకు కారణము లెక్కతో తెలియును. ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కినచో ప్రతి మీటరునకు 0.000012 మీటరు పెరుగును. 200 మీటర్ల ఉక్కు గొట్టము వేడిమి 100 డిగ్రీలు పెరిగినచో,

200 × 100 × 0.000012 = 0.24 మీటరు

అనగా 24 సెంటీమీటర్లు పొడవు పెరుగును. ఘనమైన బోరోసిలికేట్ గాజు అందులో నాలుగవ వంతునకు కొంచెము పైగా మాత్రమే పెరుగును. గట్టిపడిపోవు సిమెంటుతో అంటించినచో ఈ భేదమునకు దిమ్మలు పగులును. సాగు జిగురు ఆ భేదమును తనలో ఇముడ్చుకొనును. మరియు దిమ్మ వేడిని ఆపుటచేత ఉక్కును, జిగురును చల్లగనే యుండి, వ్యాకోచమే తగ్గును. ఇచ్చట ఉక్కు చల్లబడినను భయము లేదు, ఏలయనగా పొగకు దారి లేదు.

దీనికి లోపములు లేకపోలేదు. నురుగు గాజు మెత్తన. కాలితో త్రొక్కినను, పనిముట్టు తగిలినను నలుగును. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము, వేడి క్షారములు గాజును కరగించును. అన్నింటికి మించి, కీలులో జిగురు తక్కువైనచో దిమ్మ ఎంత మంచిదైనను ప్రయోజనము లేదు. నికెలు మిశ్రలోహపు రేకులు, టైటానియము రేకులు, గాజునారతో బలపరచిన రెసిను గొట్టములు గూడ పొగగొట్టములలో వాడుకలో నున్నవి. రేకుల ఖరీదు హెచ్చు. రెసిను గొట్టము మితిమించిన వేడికి ఓర్వదు. స్థలమునుబట్టి ఎన్నిక.

7. తలిదండ్రులకు ఒక మాట

మన పిల్లలలో కొందరు రేపు ఇట్టి పనులకు పోవుదురు. మన వాడలలోని పెద్దలలోను ఇట్టి పనులు చేయువారుందురు. అస్తరు పని ఎత్తుమీద, మూసిన గొట్టములో జరుగును. జిగురులు, తొలిపూతలు విడుచు ఆవిరి పీల్చినచో మత్తు కలుగును. నిప్పురవ్వ తగిలినచో మండును. కావున లోపలికి గాలి ఆడింపకుండ, వాయువును పరీక్షింపకుండ, రక్షణపట్టీ లేకుండ, బయట కాపలాదారు లేకుండ ఎవరును లోనికి దిగరాదు. పూత పని జరుగుచున్నచోట వెల్డింగు చేయరాదు. ఇవి ఆలస్యముచేయు నియమములుగ తోచవచ్చును. ఇంటికి తిరిగి తెచ్చు నియమములివియే.

పని నాణ్యము గూడ మనిషి చేతిలోనే యున్నది. పలుచని రబ్బరు, రెసిను పూతలను అధిక విద్యుత్పీడనముగల కుంచెతో పరీక్షింతురు. పూత విద్యుత్తును ఆపును. సూదిబెజ్జమున్నచోట మాత్రము నిప్పురవ్వ ఎగురును. ఉక్కు గొట్టమును వెలుపలినుండి పరారుణ కెమేరాతో చూచినచో అస్తరు ఊడినచోట వేడిమచ్చ కనబడును. అయితే ఈ పరీక్షలు తప్పును చూపునేగాని దిద్దవు. వేలకొలది కీలులలో ప్రతిదానిని, ఎవరు చూచినను చూడకున్నను, నిండుగా నింపిన పనివానివలననే పొగగొట్టము నిలుచును.

అభ్యాసము

1. పొగ వేడిమి 130 డిగ్రీలు, ఆమ్లపు తుషారాంకము 115 డిగ్రీలు. గోడ వేడిమి 125, 110, 60 డిగ్రీలున్నపుడు ఏయే సందర్భములలో ఆమ్లము నిలుచును?

2. 150 మీటర్ల ఉక్కు గొట్టము వేడిమి 80 డిగ్రీలు పెరిగినచో ఎంత పొడవు పెరుగును?

3. కడిగిన పొగ మనకు మేలైనదై యుండియు పొగగొట్టమునకు ఏల కష్టమైనది? మీ మాటలలో వ్రాయుడు.

4. చేసి చూడుడు: ఒకే తీరు లోటాలు రెండు తీసికొని మంచు నీరు పోయుడు. ఒకదానికి పలుచని గుడ్డను వదులుగా చుట్టుడు. రెండవదానికి అదే గుడ్డను చుట్టి, దానిపై ప్లాస్టిక్ కాగితమును సందులేకుండ అంటించుడు. అరగంట పిమ్మట విప్పి, ఏ లోటాపై ఎక్కువ చెమ్మ యున్నదో చూడుడు. పాఠములోని ఏ సూత్రము మీకు కనబడినది?